చిత్రిక పట్టిన తలుపు

అబ్నర్ పెగ్లర్ మోకాళ్ళ మీద వంగి హాల్లో చలిమంట గూట్లోంచి బూడిద ఎత్తుతున్నాడు. కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ లేవు. అందుకని చిన్నపారను మిగిలిన మూడు వేళ్ళకూ అరచేతికీ మధ్య ఇరికించి పట్టుకుంటాడు. నలభై ఏళ్ళుగా అలా పట్టీ పట్టీ అరచేతి నడుమ చెప్పుతోలులా గట్టిపడింది. గూడు చాలా పెద్దది. లోపల రెండు పక్కలా బల్లలున్నాయి, ఇద్దరు మనుషులు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఆ బల్లల మీద అబ్నర్ ఇంతవరకూ కూర్చోలేదు. వాటి కింద ఊడ్చాడంతే.

బూడిద బకెట్టు వసారాలో పెట్టి వచ్చి తలుపుల పని మొదలుపెట్టాడు. ఏటా అక్టోబరులో తలుపులన్నిటికీ అవిసె నూనె పట్టించాలి. హాల్లో నాలుగు, మేడ మీద ఏడు, మొత్తం పదకొండు. అన్నీ ఓక్ చెక్కవే, రంగు లేదు, మెరుగు లేదు. పైనుంచి కిందదాకా బాడిస దెబ్బల గుంటలు. ఒక్కో గుంటలో బొటనవేలు పట్టేంత చోటు, అందులో ఏడాది పొడుగునా చేరిన దుమ్ము. గుడ్డతో తుడిస్తే ఆ దుమ్ము పోదు. బాతు ఈకను నీళ్ళలో ముంచి ఒక్కో గుంటలోనూ రుద్ది తీయాలి. ప్రతి తలుపుకూ కింద కుడిమూలన చిన్న గంట బొమ్మ చెక్కి ఉంటుంది. దాని దగ్గరికి వచ్చేసరికి అబ్నర్ మొహం పక్కకి తిప్పుకుని చేత్తోనే తడుముతూ తుడుస్తాడు.

లార్చ్‌కూంబ్‌ను చూడటానికి లండన్ నుంచి జనం వస్తారు. ఇల్లు కొండవాలుకు ఆనుకుని పొడుగ్గా, ఎత్తు తక్కువగా ఉంటుంది. రాయి ఆ కొండదే, రాతిపలకల కప్పు చూరు దగ్గర మనిషి చెయ్యెత్తితే అందేటంత కిందికి దిగుతుంది. సీసపు పట్టీల కిటికీలు, ద్రాక్షతీగల సున్నపు పని, ఇనుప గడియలు, అన్నీ చేత్తో చేసినవే. ఇల్లు తనను ఎలా కట్టారో తానే చెప్పాలని, యజమాని కోసం నమూనా గీసి దగ్గరుండి కట్టించిన రాయిల్ దొర అనేవాడట. పనివాడి చెయ్యి కనబడాలి, పనివాడి ఆనందం కనబడాలి అనేవాడట. పనివాళ్ళుండే వెనకవైపు గదులకు మాత్రం కిటికీలు మనిషి తలకన్నా ఎత్తున పెట్టించాడు. తోటలో దొరలు తిరుగుతుంటే పనివాళ్ళు చూడకూడదు కదా మరి.

ఏడున్నరకి అబ్నర్ వంటింట్లోకి వచ్చాడు. కొట్టుగది తలుపు తీసి, పంది కొవ్వు గిన్నె తీసుకుని, తలుపు వేశాడు. వేసేటప్పుడు ఎడమ అరచేయి దాని మీద పైనుంచి కిందికి ఒక్కసారి నడిచింది. ఆ తలుపుకు గుంటల్లేవు, గంటా లేదు. ఓక్ చెక్క నరాలు నీళ్ళ అడుగున కనబడినట్టు కనబడతాయి. పలకకూ పలకకూ మధ్య గోరు దూరదు. గడియ పడితే చిన్న చప్పుడు, అంతే.

"అయిందా సరసం?" అంది వంటమనిషి సెలీనా క్లటర్‌బక్. యాభై ఏళ్ళ లావుపాటి మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. "కట్టుకున్నదాన్ని కూడా ఎవడూ రోజూ పొద్దున్నే ఇలా నిమరడు. పెళ్ళి చేసుకోకపోతే మగాడు కొయ్యని కౌగిలించుకుంటాడు కామోసు."

"రొట్టె ఇటు ఇయ్యి."

"ఇస్తాలే. పది గంటలకి ఎవరో పండితుడొస్తున్నాడంట. పాత ఇళ్ళని కాపాడే సంఘం ఆయన. ఏది అసలుదో ఏది కాదో రాసుకుంటాడంట. ఆయన రాసిందే రేపు పుస్తకం. నువ్వు నిచ్చెన పట్టుకుని వెంట తిరగాలని అమ్మగారి హుకుం. ఆ ముక్కు తుడుచుకుని పో."

అబ్నర్ రొట్టె నములుతూ తలుపు వంకే చూశాడు. ఏది అసలుదో రాసుకుంటాడు అన్న మాట దగ్గర అతని నమలడం ఆగింది. ఇన్నేళ్ళలో ఆ తలుపు గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. అడిగితే చెబుదామని మాత్రం అతను లోపల ఎక్కడో మాట సిద్ధం చేసుకునే ఉన్నాడు. ఈ రోజు అడుగుతారేమో అనిపించింది. ఆ తిక్క మనిషి తన కోటుకున్న ఒక్క గుండీ కూడా పెట్టుకున్నాడు.

అతని తండ్రి జోబ్ పెగ్లర్ మిన్‌బరీలో వడ్రంగి. బళ్ళు, గేట్లు, శవపేటికలు చేసేవాడు. మట్టిలో కలిసిపోయే పేటిక మూతను కూడా లోపలా బయటా చిత్రిక పట్టి, చెంపకు ఆనించి చూసుకుని గానీ ఇచ్చేవాడు కాడు. పనిముట్టు జాడ పని మీద మిగిలితే ఆ పని పూర్తికానట్టే. పని మీద పేరు గీసుకోవడం సిగ్గులేనివాడు చేసే పని. అబ్నర్‌కు ఏడో ఏటినుంచీ ఇంట్లో వేరే చదువు లేదు, ఇదే.

పంతొమ్మిదివందల పదిలో లార్చ్‌కూంబ్ కడుతుంటే అబ్నర్ ఇరవై ఏళ్ళవాడు, తలుపులపనికి కుదిరాడు. రాయిల్ దొర మొదటి తలుపుకు బాడిస పని చేయించి, ఆ గుంటలతోనే వదిలెయ్యమన్నాడు. అబ్నర్‌కు ఆ మాట అర్థం కాలేదు. దొర మరిచిపోయాడేమో, గృహప్రవేశానికి వచ్చే పెద్దవాళ్ళు చూసి నవ్వుతారేమో అనుకున్నాడు. పాపం, దొర పరువు కాపాడదామనే ఆలోచన. ఆదివారం అందరూ చర్చికి పోయినప్పుడు ఒక్కడే వచ్చి, కింద లోయలో గంట మోగుతున్నంతసేపూ చిత్రిక పట్టి, ఆ తలుపును అద్దంలా చేసిపెట్టి పోయాడు. ఆ రాత్రి అతనికి సంతోషంతో నిద్రపట్టలేదు.

సోమవారం పొద్దున రాయిల్ దొర పనివాళ్ళందర్నీ హాల్లో నిలబెట్టాడు. యంత్రాల గురించి, బానిసత్వం గురించి, మనిషి చేతికి ఉండాల్సిన స్వేచ్ఛ గురించి చాలాసేపు మాట్లాడాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. ఆ తర్వాత బాడిస అబ్నర్ చేతికి ఇచ్చి, "నీ చేతికి స్వేచ్ఛ ఇస్తున్నాను, తీసుకో. అందరి ముందూ తీసుకో" అన్నాడు. అబ్నర్ తన చేత్తో తను నున్నగా చేసిన తలుపును దెబ్బ దెబ్బగా గుల్ల చేశాడు. ఆపినప్పుడల్లా దొర "ఇంకా" అన్నాడు. సున్నం పనివాళ్ళు నవ్వుతున్నారు. ఇంటి యజమాని ఆవెరిల్ గారి కూతురు పన్నెండేళ్ళది, మెట్ల మీద కూర్చుని బేరిపండు తింటూ, జుట్టుకు కట్టిన నీలం రిబ్బను కొస వేలికి చుట్టుకుంటూ చూస్తోంది. పూర్తయ్యాక దొర, గంట మోగేవేళ చేసిన తప్పు కాబట్టి గంట బొమ్మ చెక్కమన్నాడు. ఆ తలుపుకే కాదు, ఆ తర్వాత చేసిన పది తలుపులకూ.

గృహప్రవేశం నాడు పనివాళ్ళ కుటుంబాలను కూడా పిలిచారు, హాల్లోనే నిలబెట్టి ఆపిల్ కల్లు పోశారు. జోబ్ పెగ్లర్ తలుపు దగ్గర ఆగి ఒక గుంటలో వేలు పెట్టాడు. వంగి గంట బొమ్మ చూశాడు.

"ఇది ఎవడి పనిరా?"

"నాదే నాన్నా."

ముసలాయన వేలును కోటుకు తుడుచుకుని, కల్లు ముట్టకుండా ఇంటికి పోయాడు. దొర చేయించాడని చెప్పబోతే వినలేదు. చెయ్యి నీది కదా అన్నాడు, అంతే. ఆ చలికాలం అబ్నర్ పని ముగిశాక మిగిలిన మంచి చెక్క ఏరి కొట్టుగదికి తలుపు చేశాడు. రాయిల్ దొర వంటింటి వైపు ఎన్నడూ రాడు కాబట్టి ధైర్యం చేశాడు. ఒక్క మేకు లేకుండా, జిగురు లేకుండా, చెక్క కుసులతోనే బిగించి, తండ్రి నేర్పినట్టే చేశాడు. ఎక్కడా పేరు గీయలేదు. వచ్చి చూడమని తండ్రిని మూడుసార్లు పిలిచాడు. "నీ పని చూశానుగా" అన్నాడు జోబ్ మూడుసార్లూ. గడ్డికోతల రోజుల్లో గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత యుద్ధం వచ్చి అబ్నర్ రెండు వేళ్ళు తీసుకుంది. చిత్రిక పట్టే చెయ్యి కాదది ఇక. ఆ తలుపున్న ఇంట్లోనే బూడిద ఎత్తే పని ఖాళీ ఉంటే చేరాడు.

పది గంటలకు లెస్సింగ్ గారు వచ్చారు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన మనిషి. మెడలో భూతద్దం. మిస్ ఆవెరిల్ కర్ర పొడుచుకుంటూ ముందు నడిచింది. ఆమెకు యాభైఎనిమిదేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, ఇంటిని సంఘానికి అప్పగించి తూర్పుగదుల్లో చివరిదాకా ఉండిపోయేలా మాట్లాడుకుంది. అబ్నర్ నిచ్చెన మోసుకుంటూ వెనక నడిచాడు.

లెస్సింగ్ గారు హాలు తలుపు ముందు చాలాసేపు నిలబడ్డారు. గుంటలను వేళ్ళతో తాకుతూ కళ్ళు మూసుకున్నారు కూడా.

"చూశారా, ఈ దెబ్బల్లో ఒక పాట ఉంది" అన్నారు. "పైన భయం భయంగా మొదలవుతుంది, పోనుపోను ఎలా విజృంభించాడో చూడండి. బలవంతం మీద పనిచేసేవాడికి ఈ ఊపు రాదు. ఇది ఆనందం."

"అవును, నాన్నగారూ అదే అనేవారు" అంది మిస్ ఆవెరిల్.

"ఈ గంట ముద్ర చూడండి. భక్తిపరుడై ఉంటాడు. లండన్ కార్ఖానాల నుంచి రాయిల్ పిలిపించుకున్న మనిషి అని నా ఊహ. ఈ కొండల్లో ఇలాంటి చెయ్యి పుట్టదు."

నిచ్చెన మోస్తున్నవాడు గొంతు సవరించుకున్నాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

మేడంతా అయ్యేసరికి పన్నెండయింది. చివరకు వంటిల్లు. సెలీనా ఉల్లిపాయలు తరుగుతూ లేచి నిలబడింది. లెస్సింగ్ గారు గోడలూ, దూలాలూ, నీళ్ళతొట్టీ చూసి, కొట్టుగది తలుపు దగ్గరికి వచ్చి ఆగారు. భూతద్దం పెట్టారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"అయ్యో, ఇదేమిటి? ఇది తర్వాత పెట్టించింది. ఫ్యాక్టరీ సరుకు. యంత్రం మీద కోసి, యంత్రం మీద నునుపు చేసింది. యుద్ధం తర్వాత ఇళ్ళన్నీ ఇలాగే పాడుచేశారు."

అబ్నర్ నిచ్చెన గోడకు ఆనించాడు. టోపీ తీశాడు.

"అది నేను చేసిందండి."

"నువ్వా? ఎప్పుడు?"

"పదకొండో సంవత్సరం చలికాలంలోనండి. చిత్రికతో చేశానండి. యంత్రం కాదండి."

లెస్సింగ్ గారి చూపు అతని కుడిచేతి మీదకి దిగింది. అబ్నర్ దాన్ని టోపీ వెనక్కి దాచుకున్నాడు.

"అప్పుడు ఐదూ ఉండేయండి" అన్నాడు.

"సరే. మరి నీ ముద్ర ఏదీ? ఈ ఇంట్లో ప్రతి పనివాడికీ ముద్ర వేసే హక్కు ఇచ్చారు. గర్వంగా వేసుకున్నారు. దీనికేదీ?"

"మంచి పనికి పేరు గీయకూడదండి. మా నాన్న ఒప్పుకోడు."

"అంటే గంట ముద్రవాడిది మంచి పని కాదంటావా?"

"కాదండి. అవి కూడా నావేనండి."

సెలీనా కత్తి ఆగింది. లెస్సింగ్ గారు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. మతిపోయిన ముసలాళ్ళను చూసి నవ్వే దయగల నవ్వు, అంతకంటే మొహాన ఉమ్మేసినా నయం. ఆయన మిస్ ఆవెరిల్ వైపు తిరిగారు. అబ్నర్ కూడా తిరిగాడు. జన్మలో అతను ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడింది అదొక్కసారే.

"అమ్మగారు ఉన్నారండి ఆ రోజు. మెట్ల మీద కూర్చున్నారు. నీలం రిబ్బను కట్టుకుని. చెప్పండమ్మగారూ."

మిస్ ఆవెరిల్ గడియారం చూసింది. ఆమెకు అంతా గుర్తుంది. బేరిపండు రసం మోచేతిదాకా కారడం కూడా గుర్తుంది. కానీ అదంతా చెప్పాలంటే రాయిల్ గారు అలా చేయించారని చెప్పాలి, పాటా ఆనందమూ అని రాయబోయే పుస్తకంలో అదొకటి చేర్చాలి, ఈయన మళ్ళీ పదకొండు తలుపులూ చూస్తానంటాడు. భోజనం చల్లారిపోతుంది.

"నాకప్పుడు పన్నెండేళ్ళు" అంది. "ఏం గుర్తుంటుంది? పెగ్లర్ ఇక్కడ చాలాకాలంగా ఉన్నాడు. పలకలు మోసేవాడనుకుంటాను."

"అదీ సంగతి" అన్నారు లెస్సింగ్ గారు మెత్తగా. "వయసు మీదపడితే మోసిన ఇంటిని కూడా తనే కట్టాననుకుంటాడు మనిషి. పాపం. ఈ తలుపు తీయించెయ్యండి. సందర్శకులను ఇటు తీసుకొచ్చినప్పుడు ఇది పంటికింద రాయిలా ఉంటుంది. హాలు తలుపును చూసి అచ్చం అలాగే బాడిస పని చేసి ఇచ్చేవాడు మా దగ్గరున్నాడు. గంటతో సహా చెక్కుతాడు."

"పెగ్లర్, భోజనాల్లోపు తీసెయ్యి" అంది మిస్ ఆవెరిల్. "ముక్కలు చేసి హాల్లో మంటకి పెట్టు. సాయంత్రం టీకి ఈయన అక్కడే కూర్చుంటారు."

"అలాగేనండమ్మగారూ" అన్నాడు అబ్నర్. నలభై ఏళ్ళుగా అతని నోట్లో ఆ మాట ముందు పుడుతుంది, అర్థం తర్వాత వస్తుంది.

వాళ్ళు వెళ్ళాక సెలీనా కత్తి బల్ల మీద పెట్టింది. ఉల్లిపాయల వంక చూస్తూ, "ఇన్నాళ్ళూ చెప్పలేదేమయ్యా?" అంది.

"నువ్వడగలేదుగా."

మడతబందుల మరలు విప్పడానికి మూడువేళ్ళతో చాలాసేపు పట్టింది. తలుపు రెక్క కిందికి దిగగానే, నలభైఅయిదేళ్ళుగా అది మూసిన చోటునుంచి చల్లగాలి వంటింట్లోకి కొట్టింది. సాయం పడతానంటే వద్దన్నాడు. తలుపును వీపుమీద వేసుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టి పట్టుకుని, పెరటి రాళ్ళమీద వంగి నడిచాడు. బల్లెక్కి ఎత్తు కిటికీలోంచి చూసిన సెలీనాకు తలుపొక్కటే కనబడింది, నడిచిపోతున్నట్టు.

కట్టెల కొట్టంలో తలుపును రెండు దుంగల మీద పడుకోబెట్టి గొడ్డలి తీశాడు. ఎత్తాడు. దించాడు. గొడ్డలికి పని పెట్టడం కన్నా విప్పడం నయమనిపించింది. కొయ్య సుత్తి తెచ్చి కుసుల కొయ్యచీలలను వెనకనుంచి కొట్టి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. చుట్టూ నాలుగు మూలలా కొట్టాడు. చెక్కకు చెక్క అతుక్కుపోయి ఒక్క మానులా అయిపోయింది. అబ్నర్‌కు నవ్వు వచ్చింది. అది నవ్వే, ఎవరూ చూడలేదు గానీ. "చూడు నాన్నా" అన్నాడు పైకే. వాన మొదలైంది. కట్టెలు కొట్టే మొద్దు మీద కూర్చుని, ఎడమచెయ్యి తలుపు మీద పెట్టాడు. ఛాతీలో పొద్దుటినుంచీ ఏదో పట్టేసినట్టుంది, ఆ చోటే ఇంకాస్త పట్టింది. ఆ చెయ్యి ఒకసారి పైనుంచి కిందిదాకా నడిచి, చివర ఆగిపోయింది.

నాలుగు గంటలకు హాల్లో మంట లేదని మిస్ ఆవెరిల్ గంట మోగించింది. రెండోసారి కూడా మోగించాక సెలీనా గొణుక్కుంటూ కట్టెల కొట్టానికి పోయింది. వెళ్ళిన మనిషి పరుగున తోటమాలిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళింది. మా కొండల్లో పనిలో పోయినవాణ్ణి తలుపు మీద మోస్తారు. దగ్గర్లో ఉన్నది అదొక్కటే. వాళ్ళిద్దరూ అబ్నర్‌ను దాని మీదికి చేర్చి వాకిలి దాకా తెచ్చారు. నునుపుకు శవం పక్కకు జారబోతుంటే సెలీనా తన ఏప్రన్ విప్పి నడుముకు కట్టింది. అప్పటికి ఆమె ఏడుస్తోంది.

మిస్ ఆవెరిల్ మెట్టు మీద నిలబడి చూసింది.

"హాల్లోంచి తేకండి" అంది. "మూల తగిలితే హాలు తలుపు గీసుకుపోతుంది. వెనకనుంచి తీసుకెళ్ళండి."

వాళ్ళు తిరిగారు. ఆమె ఇంకా అక్కడే ఉంది, వానను చూస్తూ.

"నూటపన్నెండు దెబ్బలు" అంది ఎవరితోనూ కాకుండా. "నేను లెక్కపెట్టాను."

సెలీనా విన్నది. తలెత్తి చూసింది కూడా. చేతులు రెండూ తలుపు బరువుకు బిగిసి ఉన్నాయి కాబట్టి ఏమీ చెయ్యలేదు.

శవపేటిక పట్నం నుంచి వచ్చింది, రేకు పిడులు వేసినది. మూత సరిగ్గా కూర్చోలేదు. మూలన రంపపు చాలు కనబడుతూనే ఉంది, ఊళ్ళో ఎవరూ చెంప ఆనించి చూడలేదు. వసంతంలో లెస్సింగ్ గారి పుస్తకం అచ్చయి వచ్చింది. గంట ముద్రవాడి మీద నాలుగు పుటలున్నాయి. కొట్టుగదికి లండన్ నుంచి కొత్త తలుపు వచ్చింది. గుంటలు చక్కగా కుదిరాయని అందరూ మెచ్చుకున్నారు. సందర్శకుల్లో పిల్లలు వంగి దాని మూలనున్న గంటను తడుముతారు.

ముక్కలు కానన్న పాత తలుపును తోటమాలి పెరట్లో బొగ్గుకుప్ప మీద పడేశాడు. వాన పడినప్పుడు నీళ్ళు దాని మీద క్షణం కూడా నిలవవు. జారి చుట్టూ పడిపోతాయి. అడుగున బొగ్గు మాత్రం పొడిగా ఉంటుంది.